ట్రయల్ కోవిడ్ వల్ల ఆగిందంటున్నారు, మరి లోపల ఉన్నవాడి సంగతేంటి?

తమ్ముడి_అక్క (2021 సెప్టెంబరు 4)

అందరికీ నమస్కారం. ఇక్కడ లాయర్లు, కోర్టు పని తెలిసినవాళ్ళు ఉన్నారని మా ఆఫీసులో ఒకావిడ చెబితే రాస్తున్నాను. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మా తమ్ముడు 2019 నవంబరు నుంచి రిమాండులో ఉన్నాడు. సెక్షన్ 392, దోపిడీ కేసు, ముగ్గురు నిందితుల్లో వాడు ఏ3. మా పక్క ఊరి రోడ్డు మీద బండిపై వెళ్తున్న ఒకాయన్ని ఆపి ఫోనూ 14 వేల రూపాయలూ లాక్కున్నారని కేసు. వాడు చేశాడా లేదా అని నేనిక్కడ వాదించను, నేను అక్కడ లేను. ఆ సంగతి కోర్టు తేల్చాలి. తేల్చమనే కదా మేమూ అడుగుతున్నది.

ఛార్జిషీటు 57 రోజులకే వేసేశారు. 2020 మార్చి 26న మొదటి సాక్షి రావాలి. 24 అర్ధరాత్రి నుంచి దేశమంతా లాక్‌డౌన్. అంతే, అక్కడ ఆగింది. ఈ ఏడాది జనవరిలో ఒక సాక్షి, మార్చిలో ఇంకొకరు వచ్చారు, రావాల్సిన సాక్షులు మొత్తం తొమ్మిది మంది. అంతలో సెకండ్ వేవ్. ఇప్పుడు కోర్టులు తెరిచారు కానీ పాత వాయిదాలన్నీ ఒకేసారి మీద పడ్డాయట, మా కేసుకి నవంబరు తేదీ ఇచ్చారు. అంటే రెండేళ్ళు నిండుతాయి.

రెండు సార్లు బెయిల్ వేశాం, రెండూ కొట్టేశారు. మొదటిసారి దర్యాప్తు నడుస్తోందన్నారు, రెండోసారి సాక్షుల్ని బెదిరిస్తాడన్నారు. కోవిడ్ కోసం సుప్రీంకోర్టు చెప్పిన కమిటీ వదిలిపెడుతుందేమోనని ఆశపడ్డాం, అది 7 ఏళ్ళలోపు శిక్ష పడే కేసులకేనట, వీడిది 10. మా వకీలు గారిని అడిగితే "అందరి పరిస్థితీ అంతేనమ్మా, ఆగాలి" అంటారు.

ములాఖత్‌లు ఆపేసిన రోజుల్లో వారానికోసారి ఫోన్ చేసేవాడు. ఒకసారి చెప్పాడు: వాయిదా రోజు అందర్నీ వరసగా నిలబెట్టి ఒక ట్యాబ్ ముందుకి పంపిస్తారట, అవతల మేజిస్ట్రేట్ గారు కనిపిస్తారు, పేరు అడుగుతారు, ఫలానా తేదీకి అంటారు, తర్వాతివాడు వచ్చేస్తాడు. వీడు ఓ రోజు ధైర్యం చేసి "సార్, నా కేసు ఎప్పుడు మొదలవుద్ది సార్" అని అడిగాడంట. మాట అటు వెళ్ళిందో లేదో కూడా తెలీదు, సౌండ్ సరిగా లేదు, వెనకవాడు అప్పటికే ముందుకొచ్చేశాడు. అది చెప్పి ఏడ్చాడు. ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు.

నా ప్రశ్న ఒకటే. త్వరగా విచారణ జరిపించుకునే హక్కు ఉందంటారు కదా, రోగం వస్తే ఆ హక్కు ఆగిపోతుందా? ఎవరి తప్పూ లేదన్నప్పుడు ఈ రెండేళ్ళు ఎవరి లెక్కలోకి వెళ్తాయి?

---

నల్లకోటు (2021 సెప్టెంబరు 4)

అమ్మా, ముందు ఒక్క సంగతి చెప్పండి, మీ వకీలు గారు 437(6) కింద పిటిషన్ వేశారా? మీరు రాసినదాంట్లో ఆ మాటే లేదు, అందుకని అడుగుతున్నాను.

మీ కేసు మేజిస్ట్రేట్ కోర్టులో నడిచేది. అలాంటి కేసుల్లో సాక్ష్యానికి పెట్టిన మొదటి తేదీ నుంచి 60 రోజుల్లో విచారణ పూర్తి కాకపోతే, నిందితుడు ఆ 60 రోజులూ జైల్లోనే ఉండి ఉంటే, బెయిల్ ఇవ్వాలి అని సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) 437(6) చెబుతుంది. మేజిస్ట్రేట్ వద్దనుకుంటే కారణాలు కాగితం మీద రాయాలి. గమనించండి, సాక్షి వచ్చిన తేదీ కాదు, సాక్షి కోసం పెట్టిన తేదీ. మీకది 2020 మార్చి 26. అక్కడి నుంచి 60 రోజులు మే నెలాఖరుకే అయిపోయాయి, మీరు రాస్తున్నది సెప్టెంబరులో, అదీ మరుసటి ఏడాది.

మాలో చాలామందికి 60 రోజులు, 90 రోజులు అనగానే ఛార్జిషీటు గడువే గుర్తొస్తుంది, అది దాటిపోయాక లెక్కపెట్టడం మానేస్తాం. 437(6)ని మరిచిపోయే వకీళ్ళని నేను రోజూ చూస్తున్నాను. బాధగా ఉంది కానీ నిజం.

ఇక కోవిడ్ సంగతి. పీపీ గారు, అంటే ప్రభుత్వం తరఫు వకీలు, లేచి "ఆలస్యానికి కారణం మహమ్మారి, ప్రాసిక్యూషన్ తప్పేం లేదు" అంటారు, తప్పకుండా అంటారు. దానికి జవాబు ఇప్పుడే సిద్ధం చేసుకోండి. విచారణ ఎందుకు ఆలస్యమైందో చెప్పే కారణం వేరు, ఈ మనిషిని ఎందుకు లోపలే ఉంచాలో చెప్పే కారణం వేరు. మొదటిది చెప్పి రెండోది తప్పించుకోవడం కుదరదని గట్టిగా వాదించాలి. దీనికి దగ్గరగా సుప్రీంకోర్టు మాట ఒకటి ఉంది. 2020 మార్చి 23న కోర్టు కేసుల గడువులన్నీ పొడిగించింది కదా, దాన్ని పట్టుకుని మద్రాసు హైకోర్టులో ఒక జడ్జి గారు ఛార్జిషీటు గడువు కూడా పెరిగినట్టే అన్నారు. ఎస్. కాశి కేసులో 2020 జూన్ 19న సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. అప్పీలు వేసుకునేవాళ్ళకి, దావా వేసుకునేవాళ్ళకి ఇచ్చిన పొడిగింపు పోలీసులకి వర్తించదు, ఛార్జిషీటు పడకపోతే నిందితుడికి బెయిల్ హక్కు వచ్చేస్తుంది అని. మీ కేసుకి అది నేరుగా వర్తించదు, మీది ఛార్జిషీటు పడ్డ కేసు. కానీ లాక్‌డౌన్ పేరు చెప్పి మనిషి స్వేచ్ఛని పక్కన పెట్టలేరన్న ఆలోచన అందులో ఉంది, పిటిషన్‌లో పెట్టమనండి.

ఇంకో మాట, కోర్టులో ఇది గట్టిగా చెప్పాలి. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ వేయగలిగిన గరిష్ఠ శిక్ష 3 ఏళ్ళు. చట్టంలో 392కి పదేళ్ళు రాసున్నా ఆ కోర్టు అంతకు మించి వేయలేదు, ఇంకా ఎక్కువ వేయాలనుకుంటే పైకి పంపాలి, అక్కడా చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్‌కి ఉన్నది 7 ఏళ్ళే. మీ తమ్ముడు అప్పుడే ఇంచుమించు 22 నెలలు ఉన్నాడు. శిక్ష పడితే ఈ 22 నెలలూ 428 కింద మినహాయిస్తారు. నిర్దోషి అని తేలితే? ఏ లెక్కలోనూ కలవవు. మీరడిగిన ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఇదే, ఇది రాయడానికి నాకే మనసొప్పడం లేదు.

---

బెంచిగుమస్తా_రిటైర్డ్ (2021 సెప్టెంబరు 5)

అమ్మా, నేను కోర్టులో పనిచేసి గత ఏడాదే రిటైరయ్యాను. నల్లకోటు గారు చెప్పింది సరైన దారి, వెంటనే వేయించండి. కానీ కోర్టువాళ్ళు పట్టించుకోలేదనే మాట ఎవరైనా అంటే నాకు కష్టంగా ఉంటుంది, అందుకే నేను చూసింది రాస్తున్నాను.

క్రిమినల్ కేసు నడవాలంటే ఒక్క జడ్జి గారుంటే సరిపోదు. సమన్లు తీసుకెళ్ళేది కానిస్టేబులు, ఆయన్ని కంటైన్‌మెంట్ జోను దగ్గర బారికేడ్ కాపలాకి వేశారు. పంచనామాలో సంతకం పెట్టిన మధ్యవర్తి ఏ వీఆర్వోనో అయ్యుంటాడు, ఆయన క్వారంటైన్ సెంటర్లో భోజనాలు చూసుకుంటున్నాడు. గాయాల కేసైతే డాక్టరు గారు రావాలి, ఆ రోజుల్లో డాక్టరు గారిని కోర్టుకి రమ్మని ఎవరు పిలవగలరు? ఖైదీని తేవడానికి ఎస్కార్టు లేదు, తెచ్చినా మళ్ళీ లోపలికి పంపేముందు టెస్టు. ఇందులో ఒక్కరు తప్పినా ఆ రోజు వాయిదానే.

చాలామంది అడుగుతారు, వీడియోలో చేసేయొచ్చు కదా అని. వాదనలు వినడం వరకు చేశారు. సాక్ష్యం సంగతి వేరు. 2020 ఏప్రిల్ 6న సుప్రీంకోర్టే చెప్పింది, రెండు పక్షాలూ ఒప్పుకోకుండా వీడియోలో సాక్ష్యం నమోదు చేయొద్దని. అది నిందితుడి మంచికోసమే అనుకుంటాను నేను. సాక్షి పక్కన ఎవరు కూర్చున్నారో, ఫ్రేము బయట నుంచి ఎవరు సైగ చేస్తున్నారో మనకి తెలీదు. క్రాస్‌లో వకీలు గారు కాగితం చూపించి "ఈ సంతకం మీదేనా" అంటే సాక్షి మొహంలో వచ్చే మార్పు ట్యాబ్‌లో ఏం కనబడుతుంది? నేను 30 ఏళ్ళకి పైగా ఆ బోను పక్కనే కూర్చున్నాను, సాక్షి గొంతు తడారడం కూడా వినబడేది.

అయినా అమ్మా, మీ తమ్ముడు ట్యాబ్ ముందు అడిగిన మాట చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. అవతలి పక్కన మేం ఒక పూటలో అలాంటివి 60, 70 చేసేవాళ్ళం, లింకు పోతుందేమోనని తొందర. ఎవరో ఏదో అడిగినట్టు వినిపించి, వినకుండా తర్వాతి పేరు పిలిచిన రోజులు నాకూ గుర్తున్నాయి.

---

చీరాల_చెల్లి (2021 సెప్టెంబరు 5)

నేను అవతలి పక్షం మనిషిని. తిట్టుకోకండి, కానీ ఇదీ వినాలి.

2018లో నా మెడలో పుస్తెలతాడు తెంపుకుపోయారు. గుమ్మం ముందు ముగ్గు వేస్తుంటే. మెడ మీద గీత పడి నెలన్నర మానలేదు. పట్టుకున్నారు, కేసు పెట్టారు, నేను సాక్ష్యం చెప్పాల్సింది 2020 ఏప్రిల్‌లో. పిలిచింది ఈ ఏడాది ఫిబ్రవరిలో.

కోర్టులో అందరికీ మాస్కులు. బోనులో ఉన్నతన్ని మాస్కు తీయమన్నారు. తీశాడు. నేను చూశాను. మూడేళ్ళ క్రితం ఆ మొహాన్ని నేను చూసింది ఎంతసేపనుకున్నారు, రెండు మూడు సెకన్లు. అప్పట్లో పోలీసులు చూపించినప్పుడు ఇతనే అని ఖాయంగా చెప్పాను, ఆ మొహం రాత్రుళ్ళు కలలోకి వచ్చేది. ఇప్పుడు బోనులో ఉన్నది సన్నగా, జుట్టు రాలిపోయిన ఎవరో మనిషి. "ఇతనే అనుకుంటున్నానండీ" అన్నాను. "అనుకుంటున్నారా, ఖాయంగా చెప్తున్నారా" అని వాళ్ళ లాయరు అడిగాడు. నోరు పెగల్లేదు.

ఇంటికొచ్చాక భయం వేసింది. అతనే అయితే నావల్ల తప్పించుకుంటాడు, అతను కాకపోతే ఇన్నాళ్ళూ నావల్లే లోపలున్నాడు. ఏది నిజమో నాకిప్పుడు ఎప్పటికీ తెలీదు. త్వరగా విచారణ అంటే నిందితుడి హక్కు అంటారు అందరూ, నాకూ అది కావాలి. నా జ్ఞాపకం చెడిపోకముందే నన్ను అడగాల్సింది.

అక్కా, మీ తమ్ముడికి బెయిల్ రావడం మీద నాకేం కోపం లేదు. బయటుంటే ఉండనివ్వండి, కేసు మాత్రం ఆపకండి. బెయిల్ వచ్చాక మీరే వాయిదాలు అడగడం మొదలుపెడతారేమో, అలా చేయకండి.

---

ఫ్రీమాంట్_తెలుగోడు (2021 సెప్టెంబరు 6)

ఇక్కడ కాలిఫోర్నియాలో ఇదే గొడవ ఏడాదిగా నడుస్తోంది కాబట్టి రెండు ముక్కలు. అమెరికాలో ఈ హక్కు రాజ్యాంగంలోనే ఉంది, ఆరో సవరణ. దాని మీద 1974లో ఒక చట్టం, ఫెడరల్ కేసుల్లో 70 రోజుల్లో ట్రయల్ మొదలవ్వాలి. కానీ న్యాయప్రయోజనాల కోసం అని జడ్జి రాస్తే ఆ రోజులు లెక్కలోంచి తీసేయొచ్చు. కోవిడ్‌లో జూరీ ట్రయల్స్ ఆపేసి ఆ ఒక్క వాక్యంతోనే నెలలకు నెలలు తీసేశారు.

లాస్ ఏంజెలెస్ వైపు ఉన్న ఫెడరల్ జిల్లాలో కార్మాక్ కార్నీ అనే జడ్జి దానికి ఎదురుతిరిగారు. ఎదురుగా రోడ్డు అవతలున్న రాష్ట్ర కోర్టులో జాగ్రత్తలు తీసుకుని జూరీ ట్రయల్స్ నడుపుతుంటే మనం ఎందుకు నడపలేం, అసాధ్యమైతేనే ఆపాలి, ఇబ్బంది అని ఆపడానికి వీల్లేదు అని 2020 అక్టోబరులో ఓల్సెన్ అనే డాక్టరు మీద కేసునే కొట్టేశారు. ఈ ఏప్రిల్లో పైకోర్టు ఆ తీర్పు తిరగదిప్పింది. అక్షరాలా అసాధ్యం కానక్కర్లేదు, నిందితుడు జైల్లో ఉన్నాడా బయట ఉన్నాడా, ఎప్పుడెప్పుడు ఆలస్యానికి తనే ఒప్పుకున్నాడు, ఇవన్నీ చూడాలంది. ఆ డాక్టరు బెయిల్ మీద బయటే ఉన్నాడు, అంతకుముందు వాయిదాలు చాలాసార్లు తనే అడిగాడు. కాబట్టి నా మటుకు ఆ తీర్పు మరీ అన్యాయం అనిపించలేదు. మీ తమ్ముడి కేసు అలాంటిది కాదు, ఆయన మొదటి రోజు నుంచీ లోపలే ఉన్నాడు, వాయిదాలు తను అడిగినట్టు కూడా మీరు రాయలేదు.

ఇంగ్లండులో ఇంకోలా చేశారు. విచారణకి ముందు జైల్లో ఉంచే గడువు 182 రోజులుంటే, 2020 సెప్టెంబరు 28 నుంచి 238 చేశారు. పెంచడం నాకు నచ్చలేదు. కానీ కనీసం ఇన్ని రోజులు పెంచుతున్నాం అని రాతపూర్వకంగా చెప్పి పెంచారు. మన దగ్గర అంకె లేకుండానే పెరిగిపోయింది, అదీ నాకు బాధ.

---

నల్లకోటు (2021 సెప్టెంబరు 6)

ఫ్రీమాంట్ గారూ, మంచి మాట చెప్పారు. మన రాజ్యాంగంలో త్వరిత విచారణ అని విడిగా రాసి లేదు. 1979లో బీహార్ జైళ్ళలో శిక్షాకాలం కంటే ఎక్కువ రోజులు విచారణ లేకుండా మగ్గినవాళ్ళ కోసం వేసిన హుస్సైనారా ఖాతూన్ కేసులో, ప్రాణానికి, స్వేచ్ఛకి రక్షణ ఇచ్చే 21వ అధికరణలోనే ఆ హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్ని రోజుల్లో కేసు ముగించాలి అని గడువు మాత్రం పెట్టలేదు, 2002లో ఏడుగురు జడ్జీల బెంచి అలా గడువులు పెట్టడం కుదరదనే చెప్పింది. కాబట్టి ఆలస్యమైంది, కేసు కొట్టేయండి అని అడిగితే దాదాపు ఎప్పుడూ రాదు. ఆలస్యమైంది, మనిషిని వదలండి అంటే వచ్చే అవకాశం ఉంది.

ఈ ఫిబ్రవరి 1న నజీబ్ కేసులో సుప్రీంకోర్టులో మన ఎన్.వి. రమణ గారు కూర్చున్న బెంచి అదే చేసింది. అది యూఏపీఏ, అంటే ఉగ్రవాద నిరోధక చట్టం కింద పెట్టిన కేసు, బెయిల్ రావడమే గగనం. ఐదేళ్ళు దాటింది, ఇంకా 276 మంది సాక్షులు మిగిలున్నారు, విచారణ ఇప్పట్లో అవదని తెలిసినప్పుడు ఎంత గట్టి చట్టమైనా 21వ అధికరణ ముందు సడలాల్సిందే అన్నారు. అంత గట్టి చట్టానికే వర్తించినప్పుడు 14 వేల రూపాయల దోపిడీ కేసుకి ఎందుకు వర్తించదు?

ఆలస్యం మనిషిని ఏం చేస్తుందో ఈ ఏడాది కళ్ళారా చూశాం. జులై 5న ఆదివాసీల హక్కుల కోసం పనిచేసిన ఫాదర్ స్టాన్ స్వామి గారు 84 ఏళ్ళ వయసులో, ఛార్జీలు కూడా ఖరారు కాకుండానే, కస్టడీలో ఉండగా ఆస్పత్రిలో పోయారు. ఆయన బెయిల్ సంగతి అప్పటికి బాంబే హైకోర్టు ముందుంది. ఆయన మీద కేసు గురించి ఎవరేమనుకున్నా సరే, ఆ కేసు ఇక ఎప్పటికీ తేలదు.

అమ్మా, కేసు డాకెట్ షీటు నకలుకి ఇవాళే దరఖాస్తు పెట్టించండి. ప్రతి వాయిదా ఎవరివల్ల పడిందో అందులో ఉంటుంది. మీవల్ల ఒక్కటీ లేదని చూపించగలిగితే అదే మీ బలం. చీరాల చెల్లెమ్మ చెప్పింది కూడా మరిచిపోకండి.

---

తమ్ముడి_అక్క (2021 అక్టోబరు 23)

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. డాకెట్ నకలు తీశాం. మొత్తం 31 వాయిదాలు. మావైపు నుంచి అడిగింది ఒక్కటి, మా పాత వకీలు గారికి కోవిడ్ వచ్చినప్పుడు. మిగతావన్నీ "కోర్టు మూసివేత", "సాక్షి గైర్హాజరు", "ఎస్కార్టు లేదు". 437(6) వేశాం. పీపీ గారు సరిగ్గా నల్లకోటు గారు చెప్పిన మాటే అన్నారు. మేజిస్ట్రేట్ గారు డాకెట్ మొత్తం తిప్పి చూసి, ఇతను పారిపోతాడని గానీ ఎవర్నైనా బెదిరించాడని గానీ ఏమైనా ఉందా అని అడిగారు. పీపీ గారు ఏమీ చెప్పలేదు. బెయిల్ ఇచ్చారు, 10 వేలకి ఇద్దరు జామీనుదారులు.

ఆ ఇద్దరి కోసం ఇంకో 9 రోజులు పట్టింది. ఊళ్ళో ఎవరూ ముందుకి రాలేదు. చివరికి మా చిన్నమామయ్య, మా నాన్నతో కలిసి కూలికి వెళ్ళే ఆయన ఒకరు ఇంటి పన్ను రసీదులు పట్టుకుని వచ్చారు. ఆర్డరు చేతిలో ఉండి కూడా 9 రోజులు. వాడికి ఫోన్లో ఎలా చెప్పాలో తెలీలేదు.

ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే లేచి నిలబడుతున్నాడు. అమ్మ అది చూడలేక లోపలికి వెళ్ళిపోతుంది.

చీరాల చెల్లీ, నవంబరు వాయిదాకి మేం సిద్ధంగా ఉన్నాం. వాయిదా అడగం.

---

కొత్తసభ్యుడు_వైజాగ్ (2024 సెప్టెంబరు 12)

పాత చర్చ పైకి తెస్తున్నందుకు క్షమించండి. మా అన్నయ్య కూడా రిమాండులో ఉన్నాడు, 2023 నుంచి. కొత్త చట్టం వచ్చింది కదా, ఇవన్నీ ఇంకా పనిచేస్తాయా?

---

నల్లకోటు (2024 సెప్టెంబరు 12)

పనిచేస్తాయి. సీఆర్‌పీసీ స్థానంలో జులై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది, నంబర్లు మారాయి. పాత 437(6) ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 480(6). సగం శిక్షాకాలం జైల్లో గడిపితే వదలాలన్న 436ఏ ఇప్పుడు 479, అందులో ఒక మేలు చేశారు, ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాళ్ళకి మూడో వంతు గడిస్తే చాలు. జులై 1కి ముందు కేసులకి కూడా ఇది వర్తిస్తుందని మొన్న ఆగస్టు 23న సుప్రీంకోర్టు చెప్పింది. ఒకటి కంటే ఎక్కువ కేసులుంటే మాత్రం కష్టం, మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ పడే నేరమైతే రాదు.

కోవిడ్ పోయింది కదా, జైళ్ళు ఖాళీ అయ్యాయని అనుకోకండి. 2019 చివర్లో దేశంలో విచారణ ఖైదీలు దాదాపు 3 లక్షల 30 వేలు, మొత్తం ఖైదీల్లో 69 శాతం. 2021 చివరికి 4 లక్షల 27 వేలు, 77 శాతం. కమిటీలు పెట్టి వదిలిన రెండేళ్ళలోనే ఇలా పెరిగింది. అరెస్టులు ఆగలేదు, తీర్పులు ఆగాయి.

---

తమ్ముడి_అక్క (2024 సెప్టెంబరు 13)

వైజాగ్ తమ్ముడూ, మాది ఇంకా నడుస్తోంది, ఏడో సాక్షి దగ్గరుంది. ముందు మీ అన్నయ్య కేసులో సాక్ష్యానికి పెట్టిన మొదటి తేదీ ఏదో డాకెట్‌లో చూడండి. ఆ తేదీ ఒక కాగితం మీద రాసుకుని వకీలు గారి చేతికివ్వండి. జామీనుదారుల్ని ఈలోపే మాట్లాడి పెట్టుకోండి, పన్ను రసీదులు ఈ ఏడాదివే ఉండాలి, పాతవి తీసుకోరు.